ఇరవై నాలుగ్గంటల నొప్పి: రక్తం రిపోర్టు చెప్పేది, చెప్పనిది

మన దిక్కు అపెండిసైటిస్ అంటే చాలామందికి తెల్వదు. "ఇరవై నాలుగ్గంటల కడుపునొప్పి" అంటే మాత్రం ముసలవ్వకు కూడా తెలుసు. ఒక దినం లోపల కోయకపోతే మనిషి దక్కడని భయం. ఆ భయం మాతోపాటే బస్సెక్కి హైదరాబాద్ వచ్చింది. పోయిన వానాకాలం మాదాపూర్‌లో ఒక ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడి, ఆ భయంతోనే నేను ఒక కాగితం మీద సంతకం పెట్టబోయిన. పెట్టి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తుంట.

ముందు నా సంగతి చెప్త. నేను మెడికల్ కోడర్‌ని. ఊర్ల అడిగితే "కంప్యూటర్ పని" అని చెప్తం గానీ, అసలు పని ఇది: అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన నోట్సు చదివి, జబ్బుకొక కోడ్, చేసిన వైద్యానికొక కోడ్ వేయాలి. ఆ కోడ్ల మీదనే అక్కడి ఇన్సూరెన్స్ బిల్లులు కదులుతయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఎవరు అనుకున్నరో లేదో గానీ, ఇయ్యాల హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి దాకా వేలమంది తెలుగు పిల్లలు పొద్దంతా చదివేది సముద్రం అవతలి మనుషుల రోగాలే. అక్యూట్ అపెండిసైటిస్ అయితే కె35తో మొదలయ్యే కోడ్. సికిల్ సెల్ అయితే డి57. ఇన్నేండ్లల్ల ఎన్ని కడుపునొప్పులు చదివిన్నో లెక్క లేదు. ఒక్క కడుపు మీద కూడా చెయ్యి పెట్టి చూడలేదు. నేను డాక్టర్ని కాదు, ఈ మాట గుర్తుపెట్టుకొని చదవండి.

ఆ రోజు జరిగింది ఇది. మా పక్క మండలం తమ్ముడు ఒకడు, గోండు పిల్లగాడు, మా ఆఫీసు పక్క టవర్‌లో సెక్యూరిటీ గార్డు. రాత్రి డ్యూటీ. రెండింటికి కడుపునొప్పి మొదలైంది. గ్యాస్ అనుకొని ఈనో తాగిండు, సోడా తాగిండు. సూపర్‌వైజర్‌కి చెప్తే రిలీవర్ వచ్చేదాకా ఆగమన్నడట. పొద్దున ఎనిమిదింటికి నాకు ఫోన్. "దాదా, నిలబడలేకపోతున్న."

ఆటోలో దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి తీస్కపోయిన. రక్తం తీసిండ్రు. గంటలో రిపోర్టు వచ్చింది. తెల్లకణాలు 15 వేల పైన. సీఆర్పీ పెరిగి ఉంది. బిలిరుబిన్ 3 దాటింది. డ్యూటీ డాక్టరు కాగితం చూసినంతసేపు మనిషిని చూడలేదు. "అపెండిక్స్. బిలిరుబిన్ ఇంత ఉందంటే పగిలి కూడా ఉండొచ్చు. వెంటనే ఆపరేషన్ చెయ్యాలె. అడ్వాన్స్ కట్టండి, ఇక్కడ సంతకం పెట్టండి. ఆలస్యమైతే మా బాధ్యత లేదు."

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలె. ఆ డాక్టరు పుస్తకంలో లేని మాట ఒక్కటి కూడా అనలేదు. ఆ మూడు అంకెలు కలిసి వస్తే అపెండిక్స్ పగిలిందేమో అని అనుమానపడమనే వైద్యశాస్త్రం చెప్తది. కాకపోతే ఒక ప్రశ్న అడగలేదు.

ఆ ప్రశ్న నాకు తట్టడానికి కారణం నా ఉద్యోగమే. నేను చదివే అమెరికా నోట్సులో నల్లజాతి రోగికి కడుపునొప్పి వస్తే, సికిల్ సెల్ ఉంటే ఆ సంగతి పైన మొదటి వరుసల్లోనే ఉంటది. 2006 కల్లా అక్కడ అన్ని రాష్ట్రాల్లో పుట్టిన ప్రతి బిడ్డకు సికిల్ సెల్ పరీక్ష చేయడం మొదలైంది. అట్లని అక్కడ అంతా బాగుందని కాదు. సికిల్ సెల్ నొప్పితో వచ్చిన నల్లవాళ్ళను నమ్మకుండా, మత్తుమందు కోసం నాటకం ఆడుతున్నరని అనుమానించిన చరిత్ర కూడా అక్కడిదే. కానీ కనీసం కాగితం మీద ఆ జబ్బు పేరు ఉంటది. మా తమ్ముని కాగితం మీద పేరు, వయసు, ఫోన్ నంబరు, ఇన్సూరెన్స్ ఉన్నదా లేదా, ఇంతే ఉన్నయి.

వాళ్ళ అమ్మకు ఫోన్ చేసిన. గోండిలో మాట్లాడింది. ఆమె చెప్పింది తెలుగులో ఇది: "వాని కండ్లు చిన్నప్పటి నుంచి పచ్చగనే ఉంటయి గదా బిడ్డా. ఏడాదికి రెండుసార్లు ఇట్లనే పడిపోతడు. రిమ్స్‌ల పరీక్ష చేసి కార్డు ఇచ్చిండ్రు. కార్డు ఇంట్ల పెట్టెల ఉంది."

పిల్లగాన్ని అడిగిన, ఎందుకు చెప్పలేదురా అని. ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారంలో "జబ్బులు ఏమైనా ఉన్నాయా" అని ఉంటే "లేవు" అని రాసిండట. చెప్తే తీసేస్తరని భయం. అదే భయంతో ఆసుపత్రిలో కూడా నోరు తెరవలేదు.

అప్పుడు ఒక సర్జన్ మేడం వచ్చింది. విషయం చెప్పినం. ఆమె రిపోర్టు పక్కన పెట్టి ముందు కడుపు చూసింది. "ఎక్కడ నొప్పి, ఒక్క వేలితో చూపించు" అన్నది. వాడు వేలితో చూపించలేకపోయిండు, అరచెయ్యి మొత్తం పెట్టి కడుపంతా తిప్పిండు, తర్వాత నడుము చూపించిండు. "ఇంతకుముందు వచ్చే నొప్పి లెక్కనే ఉన్నదా, వేరేగా ఉన్నదా?" అని అడిగింది. నేను గోండిలో అడిగిన. "అదే నొప్పి" అన్నడు. కడుపు మెత్తగానే ఉంది. సెలైన్ పెట్టి, నొప్పికి మందిచ్చి, అల్ట్రాసౌండ్ తీయించి, ఆరు గంటలకొకసారి మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. రక్తం మళ్ళీ పరీక్ష చేయించింది. మూడో రోజు ఇంటికి పంపింది. అది సికిల్ సెల్ నొప్పే.

ఇందులో నీతి డాక్టర్లు చెడ్డోళ్ళని కాదు. ఒకే ఆసుపత్రిలో ఒక డాక్టరు కాగితం చదివిండు, ఇంకో డాక్టరు మనిషిని చదివింది. ఆ తేడా ఎక్కడ నుంచి వస్తదో మనకు తెలిసి ఉండాలె. ఎందుకంటే ఈ రక్తం గుర్తులు, ఇంగ్లిష్‌లో బయోమార్కర్లు అంటరు, రేపు ఇంకా పెరుగుతయి. తక్కువ ఖర్చుతో, సూది ఒక్కటి గుచ్చి, జబ్బు ఉందో లేదో చెప్తమని వస్తయి. అవి రావాలె కూడా. సీటీ స్కాన్ లేని ఏజెన్సీ ఆసుపత్రులకు అవి ఎంతో అవసరం. కానీ అవి ఎవరి రక్తం చూసి తయారైనయో, మన రక్తంలో ఏం చెప్తయో అడిగేటోళ్ళు మనలోనే ఉండాలె.

సంగతి కొంచెం వివరంగా చూద్దాం. అపెండిక్స్ వాచినప్పుడు రక్తంలో మొదట పెరిగేవి తెల్లకణాలు, వాటిలో న్యూట్రోఫిల్స్. కొన్ని గంటల్లోనే పెరుగుతయి. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా, చీము ఉన్నా పెరుగుతయి కాబట్టి అవి అపెండిక్స్ పేరు చెప్పవు, "ఏదో జరుగుతోంది" అని మాత్రం చెప్తయి. సీఆర్పీ అనేది లివర్ తయారుచేసే ప్రొటీన్. 1930లో న్యూమోనియా రోగుల రక్తంలో కనిపెట్టిండ్రు. ఇది ఆలస్యంగా కదులుతది. జబ్బు మొదలైన ఆరు నుంచి పన్నెండు గంటలకు పెరగడం మొదలై, దాదాపు రెండు రోజులకు పైకి చేరుతది. అంటే నొప్పి మొదలైన మూడు గంటలకే పరుగెత్తుకొచ్చిన మనిషికి సీఆర్పీ నార్మల్ వస్తే, అపెండిక్స్ లేదని కాదు; రక్తానికి ఇంకా కబురు అందలేదని అర్థం. ఒక రోజు గడిచాక కూడా తెల్లకణాలు, సీఆర్పీ రెండూ నార్మల్‌గా ఉండి, కడుపు మెత్తగా ఉంటే, అపెండిసైటిస్ అయ్యే అవకాశం చాలా తక్కువ. ఈ పరీక్షలకు అసలైన బలం అక్కడే ఉంది. ఉన్నదని తేల్చడం కంటే లేదని తేల్చడంలో అవి ఎక్కువ పనికొస్తయి. ఈ ఒక్క మాట తెలిస్తే ఎన్నో కడుపులకు కత్తి తగలదు.

ఇక బిలిరుబిన్. అపెండిక్స్ కుళ్ళి పగిలినప్పుడు అక్కడి సూక్ష్మక్రిములు, వాటి విషాలు పేగుల రక్తనాళం ద్వారా లివర్‌కి చేరుతయి. లివర్ పసరు బయటికి పంపే పని మందగిస్తది. బిలిరుబిన్ కొంచెం పెరుగుతది. అందుకే దీన్ని పగిలిన అపెండిక్స్‌కు గుర్తుగా చాలా చోట్ల వాడుతున్నరు. చవకైన పరీక్ష, ఎక్కడైనా దొరుకుతది. మంచిదే.

కానీ సికిల్ సెల్ జబ్బు ఉన్న మనిషి ఒంట్లో ఎర్రకణాలు రోజూ పగులుతనే ఉంటయి. పగిలిన ప్రతి కణం నుంచి బిలిరుబిన్ వస్తది. జబ్బు లేని రోజు కూడా, నవ్వుతా తిరిగే రోజు కూడా అతని బిలిరుబిన్ ఎక్కువే. తెల్లకణాలు కూడా మామూలు రోజుల్లోనే పది వేలు దాటి ఉండటం అరుదు కాదు. నొప్పి తిరగబెట్టినప్పుడు సీఆర్పీ కూడా పెరుగుతది. అంటే అపెండిసైటిస్ అని చెప్పడానికి వాడే మూడు గుర్తులూ అపెండిక్స్‌కు ఏమీ కాకుండానే మన పిల్లగాని రక్తంలో కనబడతయి. పైగా సికిల్ సెల్ నొప్పి కడుపులో కూడా వస్తది. కాగితం మీద ఈ రెండూ కవల పిల్లల లెక్క ఉంటయి.

ఇక్కడ ఒక గీత గీయాలె, లేకపోతే భయం పెరుగుతది. సికిల్ సెల్ జబ్బు వేరు, సికిల్ లక్షణం మోసేవాళ్ళు వేరు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువే వచ్చిన వాళ్ళకు, రిపోర్టులో ఏఎస్ అని ఉంటది, సాధారణంగా రక్తం అంకెలు అందరి లెక్కనే ఉంటయి. వాళ్ళ బిలిరుబిన్ పెరిగితే దాన్ని అందరి లెక్కనే చూడాలె. రెండు జన్యువులూ వచ్చిన ఎస్ఎస్ వాళ్ళ సంగతే నేను చెప్తున్నది. మనలో చాలామందికి తాము ఏఎస్సో, ఎస్ఎస్సో, ఏమీ కాదో తెల్వదు.

అనవసరంగా ఒక అపెండిక్స్ తీసేస్తే ఏం పోతది, అది ఎట్లాగూ పనికిరాని ముక్క కదా అని ఒక అన్న అడిగిండు. సికిల్ సెల్ మనిషికి మత్తుమందు ఇచ్చి ఆపరేషన్ చేయడం మామూలు విషయం కాదు. ఒంట్లో నీళ్ళు తగ్గినా, చల్లబడినా, ఆక్సిజన్ తగ్గినా కణాలు కొడవలి లెక్క వంగి రక్తనాళాలను మూసేస్తయి. ఊపిరితిత్తులకు ఎక్కితే ప్రాణం మీదికి వస్తది. ఆపరేషన్‌కు ముందు రక్తం ఎక్కించాలా అని ఆలోచించాలె, తర్వాత కండ్లల్ల పెట్టుకొని చూడాలె. జబ్బు సంగతే తెల్వకుండా టేబుల్ మీద పడుకోబెట్టడం వేరే కథ. అందుకే నేను ఆ సంతకం గురించి ఇప్పటికీ ఆలోచిస్తుంట.

ఇంకో వైపు కూడా ప్రమాదం ఉంది, దాన్ని దాచిపెడితే ఈ వ్యాసం రాసి లాభం లేదు. కార్డు చూపించగానే "ఆ, సికిల్ సెల్ నొప్పే, రెండు సెలైన్లు పెట్టండి" అని పక్కన పడేస్తే? సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో అపెండిసైటిస్ తక్కువగా కనిపిస్తదని వైద్యపత్రికల్లో రాసిండ్రు, కానీ తక్కువ అంటే లేదని కాదు. అట్లాంటి మనిషికి నిజంగా అపెండిక్స్ వాచిన రోజు, దాన్ని మామూలు నొప్పి అనుకుంటే అది లోపల పగులుతది. కాబట్టి కార్డు చూపించడం సగం పని మాత్రమే. మిగతా సగం ఆ మేడం అడిగిన ప్రశ్నలో ఉంది: ఇది నీకు ఎప్పుడూ వచ్చే నొప్పేనా? ఇంకొకటి, అంకెను పుస్తకంలోని నార్మల్‌తో కాకుండా ఆ మనిషి సొంత నార్మల్‌తో పోల్చాలె. బాగున్న రోజు బిలిరుబిన్ 3 ఉన్నవానికి ఇయ్యాల 3.2 ఉంటే పెద్ద వార్త కాదు. బాగున్న రోజు 1.5 ఉన్నవానికి 3.2 ఉంటే వార్తే. బిలిరుబిన్‌ను రెండు భాగాలుగా, డైరెక్ట్, ఇండైరెక్ట్ అని చూపిస్తరు. కణాలు పగలడం వల్ల పెరిగేది ఎక్కువగా ఇండైరెక్ట్. అది కూడా అడగొచ్చు.

నోటి మాట సంగతి వచ్చింది కాబట్టి ఒక లెక్క చెప్త. నాకు మస్తు నచ్చిన లెక్క ఇది. 1986లో ఆల్వరాడో అనే డాక్టరు, ఫిలడెల్ఫియాలో ఒక ఆసుపత్రికి కడుపునొప్పితో వచ్చిన 305 మంది కేసులు చూసి పది మార్కుల పట్టిక తయారుచేసిండు. ప్రపంచమంతా వాడిండ్రు, ఇప్పటికీ వాడుతున్నరు. అందులో రక్తానికి ఎన్ని మార్కులు అనుకుంటున్నరు? మూడే. తెల్లకణాలు పెరిగితే రెండు, న్యూట్రోఫిల్స్ వాటా పెరిగితే ఒకటి. మిగతా ఏడు మార్కులకు సూదే అక్కర్లేదు. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జరిగిందా, ఆకలి చచ్చిపోయిందా, వాంతి వచ్చిందా: ఈ మూడూ రోగి నోటితో చెప్పేవి, ఒక్కోదానికి ఒక మార్కు. కుడివైపు కింద నొక్కితే నొప్పికి రెండు, నొక్కి వదిలినప్పుడు నొప్పికి ఒకటి, జ్వరానికి ఒకటి: ఇవి డాక్టరు చెయ్యి, థర్మామీటరు చెప్పేవి. నొక్కాల్సిన చోటును 1889లోనే మెక్‌బర్నీ అనే సర్జన్ చూపించిండు. కుడి తుంటి ఎముక ముందు మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే, ఎముక వైపు నుంచి మూడో వంతు దగ్గర.

అంటే మొదటి గుర్తు రక్తంలో లేదు, మాటలో ఉంది. నొప్పి ఎక్కడ పుట్టింది, ఎక్కడికి నడిచింది అనేది ఒక కథ. ఆ కథ మాతృభాషలో చెప్తే ఒక తీరు, రాని భాషలో చెప్తే ఇంకో తీరు. మా తమ్మునికి తెలుగు వస్తది, హిందీ కొంచెం వస్తది. కానీ రాత్రంతా నొప్పితో మెలికలు తిరిగినోడు, నలుగురు యూనిఫాం వేసుకున్నోళ్ళ ముందు, రెండో భాషలో, "బొడ్డు దగ్గర మొదలై ఇటు జరిగింది" అని వివరంగా చెప్తడా? "కడుపునొప్పి సార్" అంటడు, ఊకుంటడు. ఈ కారిడార్‌లో టవర్లు కట్టే ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కూలీల పరిస్థితి ఇంకా అన్యాయం. వాళ్ళకు తెలుగే రాదు. కథ లేనప్పుడు డాక్టరు అంకె మీద మొగ్గుతడు. మన అంకెలేమో మోసం చేసే అంకెలు. రెండు దెబ్బలూ ఒకేచోట పడతయి.

పట్టికలు ఎక్కడ తయారైతే అక్కడి మనుషులకు బాగా సరిపోతయి. సీఆర్పీని కూడా కలిపి 2008లో స్వీడన్ డాక్టర్లు ఇంకో పట్టిక చేసిండ్రు. ఆల్వరాడో పట్టిక ఆసియా మనుషుల్లో అంత బాగా పనిచేస్తలేదని 2010లో బ్రూనై దేశంలో రిపాసా అని వేరే పట్టిక తయారైంది. అందులో ఒక విచిత్రం ఉంది: మనిషి దగ్గర ఉన్నది విదేశీయుల గుర్తింపు కార్డు అయితే ఒక మార్కు కలుపుతరు. వలస వచ్చిన కూలీ నొప్పి భరించలేనిదాకా ఆసుపత్రి గడప ఎక్కడు కాబట్టేమో, ఇది నా ఊహ మాత్రమే. కానీ చూడండి, ఒక చిన్న దేశం తన ఆసుపత్రికి వచ్చే మనుషులు ఎవరో చూసి, వలస కార్డును కూడా లెక్కలోకి తీసుకుంది. మనం మన దగ్గర "సికిల్ సెల్ ఉందా" అనే గడిని ఎమర్జెన్సీ ఫారంలో పెట్టలేమా? దానికి ల్యాబ్ అక్కర్లేదు, మిషన్ అక్కర్లేదు. ఒక గీత గీస్తే చాలు.

ఇరవై నాలుగ్గంటల భయం గురించి కూడా ఒక మాట. అత్యవసర సర్జన్ల ప్రపంచ సంఘం 2020లో విడుదల చేసిన మార్గదర్శకాలు, జెరూసలేం మార్గదర్శకాలు అంటరు, ఏం చెప్తయంటే: పగలని మామూలు అపెండిసైటిస్ అయితే ఆసుపత్రిలో ఉంచి ఇరవై నాలుగ్గంటల దాకా ఆపరేషన్ ఆపినా నష్టం లేదు. "ఆసుపత్రిలో ఉంచి" అనే మాట గట్టిగా పట్టుకోండి. ఇంట్ల ఈనో తాగుకుంట కూర్చోమని కాదు. నొప్పి కుడివైపుకు జరిగితే, వాంతులు, జ్వరం తోడైతే రాత్రని, డ్యూటీ అని చూడకుండా పోవాలె. కానీ పోయినంక, కౌంటర్ దగ్గర ఐదు నిమిషాల్లో సంతకం పెట్టమని భయపెడితే, "ఆరు గంటల తర్వాత మళ్ళీ చూసి, రక్తం మళ్ళీ పరీక్ష చేసి చెప్పండి" అని అడిగే హక్కు మనకుంది. ఒక్కసారి తీసిన అంకె కంటే, రెండుసార్లు తీసిన అంకె పెరిగిందా తగ్గిందా అన్నది ఎక్కువ చెప్తది. పగిలిన గుర్తులు ఉంటే మాత్రం, కడుపు చెక్క లెక్క గట్టిపడితే, ఆగడానికి లేదు. ఆడపిల్లలైతే గర్భం పరీక్ష కూడా అడగాలె. గొట్టంలో గర్భం నిలిచినా ఇదే చోట ఇట్లనే నొప్పి వస్తది. సిగ్గుపడి దాస్తే ప్రాణం పోతది.

అడ్వాన్స్ సంగతి. ఎమర్జెన్సీలో వచ్చిన మనిషికి ప్రాణం నిలిపే వైద్యం ముందు చేయాలని, మిగతావి తర్వాత చూసుకోవాలని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం కేసులో, ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో అత్యవసర వైద్యం ఇవ్వకపోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కును కాలరాయడమే అన్నది. ఆ కేసు వేసింది రైలు నుంచి పడ్డ ఒక కూలీ కోసం. ఈ కారిడార్‌లో ఎన్ని అద్దాల ఆసుపత్రులున్నా, కొండాపూర్‌లో ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. జీతం నెలకు 21 వేల లోపు ఉంటే మీ జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కట్ అవుతుండాలె, యజమాని 3.25 శాతం కలుపుతుండాలె. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి మీది. మా తమ్మునికి కట్ అవుతున్నది గానీ తనకు నంబరు ఉన్నట్టే తెల్వదు. శివరాంపల్లిలో తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచి పనిచేస్తున్నది. ఇవి గుర్తుపెట్టుకోండి.

ఇదంతా హైదరాబాద్ కథ. ఇక్కడ కనీసం గంటలో రిపోర్టు వచ్చింది. అదే నొప్పి ఉట్నూరు అవతల గూడెంలో రాత్రి రెండింటికి వస్తే? వాగు దాటాలె, మండలానికి రావాలె, అక్కడ నుంచి ఆదిలాబాద్ రిమ్స్. సర్జన్ లేడంటే 300 కిలోమీటర్ల హైదరాబాద్. ఇక్కడ అక్కర్లేనివారికి కూడా ప్యాకేజీలో కట్టి అమ్మే పరీక్ష అక్కడ అవసరమైనోడికి రాత్రిపూట దొరకదు. నిజానికి తెల్లకణాలు, సీఆర్పీ, బిలిరుబిన్ పరీక్షలు అక్కడే ఎక్కువ పనిచేస్తయి: ఎవరిని రాత్రికి రాత్రే పంపాలె, ఎవరిని పొద్దున దాకా చూడొచ్చు అని తేల్చడానికి. ఏజెన్సీలోని ప్రతి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో రాత్రి కూడా పనిచేసే ల్యాబ్, ఒక టెక్నీషియన్, గోండి, కోయ, కొలామి వచ్చిన ఒక మనిషి. మనం ఐటీడీఏ ముందు కూర్చొని అడగాల్సింది ఇది. అపెండిసైటిస్‌కు ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్ చాలని కూడా ఇప్పుడు అంటున్నరు. ఫిన్లాండ్‌లో 2015లో, అమెరికాలో 2020లో పెద్ద పరీక్షలే జరిగినయి. అమెరికాలో మందులు వాడినోళ్ళలో పదిమందిలో ముగ్గురికి మూడు నెలల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. నొప్పి తిరగబెట్టినప్పుడు పావుగంటలో ఆసుపత్రికి చేరేటోనికి అది మంచి దారే. వాగు అవతల ఉన్నోనికి అదే దారి అని అనకండి.

కొత్త గుర్తులు కూడా వస్తున్నయి. 2009లో బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు అపెండిసైటిస్ ఉన్న పిల్లల మూత్రంలో ఎల్ఆర్‌జీ అనే ప్రొటీన్ ఎక్కువ ఉన్నట్టు చూపించిండ్రు. గర్భం పరీక్ష లెక్క పట్టీ ముంచి చూసే రోజు వస్తే ఆశా అక్క చేతిలో పెట్టొచ్చు. ఇంకా ఆ రోజు రాలేదు. ఈలోపు రాయదుర్గం, గచ్చిబౌలి స్టార్టప్‌లలో కూర్చున్న మన దోస్తులకు ఒక మాట. రక్తం అంకెలు ఇస్తే జబ్బు పేరు చెప్పే ప్రోగ్రాం రాసేటప్పుడు ఆ డేటా ఎవరిదో అడగండి. కార్పొరేట్ ఆసుపత్రికి వచ్చే మనుషుల అంకెలతోనే అది నేర్చుకుంటే, మా తమ్ముని రక్తం చూసి అది కూడా ఆ డ్యూటీ డాక్టరు చెప్పిందే చెప్తది. కాకపోతే ఇంకా ధీమాగా చెప్తది.

మన దేశంలో సికిల్ సెల్‌ను మొదట గుర్తించింది 1952లో, నీలగిరి ఆదివాసుల్లో. దేశమంతటా పరీక్షలు చేస్తమని కేంద్రం మిషన్ మొదలుపెట్టింది 2023 జూలై 1న. మధ్యలో డెబ్బై ఏండ్లు. ఏడు కోట్ల మందికి పరీక్షలు అన్నరు, కార్డులు ఇస్తున్నరు, మంచిదే. కానీ ఆ కార్డు పెట్టెలో ఉంటే పనికిరాదు. పెండ్లి సంబంధం పోతదని, ఉద్యోగం పోతదని దాస్తున్నం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. అది దాచుకోవాల్సిన తప్పు కాదని చట్టమే ఒప్పుకున్నది. గార్డులను పెట్టే కాంట్రాక్టర్లకు ఆ సంగతి చెప్పేది ఎవరు? మనమే పోయి చెప్పాలె.

మా తమ్ముడు మళ్ళీ డ్యూటీకి పోతున్నడు. నెల తర్వాత, ఒంట్లో బాగున్న ఒక ఆదివారం, తీస్కపోయి రక్తం పరీక్ష చేయించిన. ఆ అంకెలు, హిమోగ్లోబిన్, తెల్లకణాలు, బిలిరుబిన్ రెండు భాగాలు, తేదీతో సహా చిన్న కాగితం మీద రాసిన. పైన "సికిల్ సెల్, ఎస్ఎస్" అని, కింద వాళ్ళ అమ్మ ఫోన్ నంబరు, "గోండి మాట్లాడుతది" అని. మెడలో కంపెనీ బ్యాడ్జి వేసుకుంటడు కదా, దాని వెనక పెట్టిన. మొదట సిగ్గుపడ్డడు. పోయిన వారం ఫోన్ చేసి, వాళ్ళ బ్లాకులో ఇంకో ఇద్దరికి అట్లాంటి కాగితం రాసియ్యమంటున్నడు. ఒకామె హౌస్‌కీపింగ్‌లో చేస్తది, కోయ అమ్మాయి. ఆమె ఏఎస్సో ఎస్ఎస్సో ఇంకా తెల్వదు. ఈ ఆదివారం పోతున్నం.